మూడో గది కాయ

పులివెందులలో నాగభూషణరెడ్డి అరటికాయలు మాగబెట్టే ఏసీ షెడ్డు కంప్యూటరు పడకేసిందని శిల్పకు వాళ్ల పిన్నమ్మ చెప్పిందట. ఆ పిన్నమ్మ ఆ షెడ్డులోనే అరటికాయలు కడిగే పనికి పోతుంది కాబట్టి ఇది గాలికి వచ్చిన మాట కాదని శిల్ప పూచీ. ఆయుధపూజ నాడు లారీకీ, కాటాకూ, ట్రాలీలకూ పెట్టినట్టే కంప్యూటరుకు కూడా పసుపూ కుంకుమా పెట్టారట. అంతటితో ఊరుకోకుండా రెడ్డి కొడుకు శివకుమార్, పైన తుడిస్తే చాలదు లోపల కూడా కడగాలని దాని ముందు కూర్చున్నాడట. కడిగీ కడిగీ లేచేసరికి తెర నల్లబడి, తెల్ల అక్షరాలు చీమలబారు మాదిరి పైకి పాకడం మొదలుపెట్టాయట. ఆపినా అంతే, లేపినా అంతే. తెల్లారి ఎవరో దిష్టి అన్నారని నిమ్మకాయ కోసి నాలుగు పక్కలా పిండితే ఒక పక్క రసం కీబోర్డులో పడిందట. గదుల నిండా కాయ ఉందట. రెడ్డి భార్యకు పండగ పూట ముద్ద దిగలేదట.

ప్రొద్దుటూరులో శిల్ప గాజుల అంగడి, మైమూన్ రిపేరు అంగడి ఒకే గోడకు అటొకటి ఇటొకటి. విజయదశమి పొద్దు. అమ్మవారి అలంకారం చూడను వచ్చిన పల్లె జనం వీధి నిండా ఉన్నారు. శిల్ప అంగట్లో చేతులు చాచుకొని నలుగురు ఆడవాళ్లు కూర్చున్నారు. అంత బేరాన్ని వదిలిపెట్టి వచ్చి చెప్పిందంటే ఆ మాట ఆమె నోటికి ఎంత రుచిగా ఉందో అనుకోవచ్చు.

మైమూన్ తలెత్తలేదు. ఆమె ముందు ఒక ప్రింటరు పొట్ట విప్పి ఉంది. పళ్లచక్రం సందులో ఇరుక్కున్న కాగితం ముక్కను పట్టకారుతో లాగుతూ ఒకే ఒక సంగతి అడిగింది. కాయకు గ్యాస్ పెట్టినారా, ఇంకా లేదా?

పెట్టినారంట, పండగకు ముందురోజే, అంది శిల్ప.

మాగబెట్టే గ్యాస్ తగిలిన అరటికాయ నొప్పులు మొదలైన మనిషి లాంటిది. ఇక ఆగమంటే ఆగదు. లోపల్నుంచి అదే వేడి పుట్టిస్తుంది. ఆ వేడిని ఎప్పటికప్పుడు లాగి పారేస్తే నాలుగైదు రోజుల్లో నిమ్మపండు రంగుకొచ్చి గట్టిగా నిలబడుతుంది. లాగకపోతే మెత్తబడి తొడిమ విడిచేస్తుంది. ఇదంతా మైమూన్‌కు నోటికి వచ్చు. ఆ గదుల చల్లదనాన్ని నిమిషనిమిషానికీ చూసి, ఏసీలను ఆపుతూ నడుపుతూ ఉండే ఆ మిషన్‌ను ఒక పాత కంప్యూటరు డబ్బాతోనూ, లినక్స్‌తోనూ, ఎనిమిది తీగెలు పట్టే ఒక కార్డుతోనూ తయారు చేసింది ఆమే.

కాగితం ముక్క ఊడి వచ్చింది. దాన్ని వెలుతురుకు పట్టి చూసి నవ్వింది. అది ప్రింటరును చూసి నవ్విన నవ్వు కాదని శిల్పకు అర్థమైంది. వచ్చిన పని అయిపోయిన దానిలా తన గాజుల దగ్గరికి పోయింది.

కాసేపటికి బల్ల మీద ఫోను మోగింది. శివకుమార్ పేరు. మైమూన్ దాన్ని ఎత్తలేదు, కట్ చేయనూ లేదు. వెల్లకిలా పడుకున్న పురుగు కాళ్లు కొట్టుకుంటుంటే చూసినట్టు, అది బల్ల మీద వణికి వణికి ఆగేదాకా చూసింది. మధ్యాహ్నానికి తొమ్మిది సార్లు మోగింది. తొమ్మిది సార్లూ చూసింది. తర్వాత లేచి, గోడకున్న ఇనుప బీరువాలోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసింది. దానికి ఆమె చేత్తో అంటించిన చీటీ ఉంది: నాగభూషణరెడ్డి షెడ్డు, పులివెందుల. దాన్ని హ్యాండ్‌బ్యాగులో లోపలి జిప్పులో పెట్టి జిప్పు మూసింది. మళ్లీ ప్రింటరు ముందు కూర్చుంది.

మూడు గంటలకు శివకుమార్ కారులో తానే వచ్చాడు. చేతిలో మిఠాయి డబ్బా. పోయినేడాది ఎండాకాలం "ఏమ్మా మెకానిక్కూ" అని పిలిచిన నోరు ఈ పొద్దు అక్కా అంటోంది. రెండేళ్లుగా నూటికి పైగా అప్‌డేట్లు పేరుకొని ఉండాయనీ, పండగకు ఇల్లు దులిపినట్టు అన్నీ ఎక్కించేశాననీ, పాతవి పెట్టుకుంటే దరిద్రమని పాతవన్నీ తీసేశాననీ చెప్పుకొచ్చాడు. తప్పు చేసినవాడిలా కాదు, ఇంటి పని బాధ్యతగా చేసినవాడిలా చెప్పాడు. బెంగళూరులో ఒకాయనను అడిగితే మూడు రోజులు పడుతుందన్నాడట.

"పాత కర్నెల్ గూడా తీసేసినావా?" అంది మైమూన్.

"కర్నెలంటే ఏందక్కా?"

ఆమె మళ్లీ పట్టకారు అందుకుంది. చేతి నిండా పనులున్నాయంది. రేపు వస్తానంది. కారు ఉంది గదా ఇప్పుడే పోదామన్నాడు అతను. జమ్మలమడుగులో తనకు పనుందనీ, బస్సులో వస్తాననీ చెప్పి, మిఠాయి డబ్బాను శిల్ప అంగట్లో కూర్చున్న పిల్లలకు పంచమని గోడ మీదుగా అందించింది. శివకుమార్ ఆ డబ్బా వెంబడి చూశాడు.

*

జమ్మలమడుగులో ఆమెకు పనేమీ లేదు. అక్క మసరత్ ఇల్లుంది అక్కడ. మసరత్ కుట్టుమిషన్ కుడుతుంది. చెల్లెలు పొద్దున్నే బస్సు దిగి వచ్చి, తొందరేమీ లేనట్టు జొన్నరొట్టె తిని, ఇంకొకటి వేయమంటే ఆమెకు అనుమానం వచ్చింది. సంగతి లాగింది. మైమూన్ చెప్పింది. చెబుతుంటే ఆమె మొహం పెండ్లిపిల్ల మొహం మాదిరి వెలిగిపోతోందని మసరత్‌కు అనిపించింది.

అసలు ఆ కంప్యూటరుకు ఏమైందని అడిగింది అక్క. మైమూన్ ఆమె ఒడిలో ఉన్న రవికెను చూపించింది. కర్నెల్ అంటే మిషన్‌కు ఒళ్లు లాంటిది. గదులతో మాట్లాడే కార్డుకు ఒక డ్రైవర్ ఉంటుంది. అది అంగట్లో దొరికేది కాదు, ఆ ఒంటి కొలత తీసుకొని తాను చేత్తో కుట్టిన రవికె. అందుకే ఆ ఒంటిని మార్చకూడదని కట్టుగా ఒక తాళం కూడా వేసి పెట్టింది. ఆ పిల్లోడు తాళం తీసి, కొత్త ఒళ్లు తెచ్చిపెట్టి, పాత ఒంటిని పారేశాడు. రవికె పట్టలేదు. కార్డు మూగపోయింది. అంతే.

"మళ్లా కొత్త కొలతకు కుట్టాల్నా?"

"కుట్టొచ్చు. నాలుగు గంటల పని. లేదంటే పాత ఒళ్లే నా దగ్గర దాచిపెట్టుకోనుండా. పెడితే పావుగంట."

మసరత్ సూది ఆపింది. "పావుగంట పనికి ఈడ కూచ్చోని రొట్టెలు తింటాండావా?"

మైమూన్ చేయి కడుక్కుంది. పోయినేడాది ఎండాకాలం ఇదే జమ్మలమడుగులో ఒక మామిడికాయల మండీ వాళ్లు ఆమె చేత ఇట్లాంటి మిషన్ పెట్టించుకుంటామని మాట ఇచ్చి, పులివెందుల కబురు వినగానే వద్దన్నారు. ఆ మండీ ఈ వీధి చివరనే ఉంది. అక్కడ ఇప్పుడు వేరే ఎవరో పెట్టిన పెట్టె ఉంది. అక్క ఇంటికి వచ్చిన ప్రతిసారీ ఆమె ఆ మండీ ముందు నుంచి కాక వెనక సందులోంచి పోతుంది. ఈ పొద్దు మాత్రం ముందు నుంచే పోయింది.

ముద్దనూరు దాటి తొండూరు వైపు బస్సు తిరిగాక రోడ్డుకు రెండు పక్కలా అరటి తోటలు వచ్చాయి. గెలలకు నీలం సంచులు తొడిగి ఉన్నాయి. మైమూన్ కిటికీ పక్కన కూర్చొని, ఒడిలో బ్యాగు మీద రెండు చేతులూ పెట్టుకొని, రెడ్డి ముందు ఏ మాట మొదట అనాలో, ఏ మాట తర్వాత అనాలో లోపల్లోపల పేర్చుకుంది. ఏడాదిన్నరగా ఆ మాటలను ఆమె చాలా సార్లు పేర్చింది. ఈసారి ఒక్కటి కూడా తడబడలేదు.

*

షెడ్డులో మూడు గదులు. ఒకటీ రెండూ గదుల ముందు ఇద్దరు మనుషులు స్టూళ్లేసుకొని కూర్చొని, థర్మామీటరు చూస్తూ చేతి స్విచ్చులతో ఏసీని ఆపుతూ వేస్తూ ఉన్నారు. మూడో గది తర్వాత కట్టింది. దాని ఏసీ కొత్త రకం. కంప్యూటరు నుంచి ఆజ్ఞ వస్తేనే కదులుతుంది, లేకపోతే రాయి. దానికీ ఒక చేతి స్విచ్చు పెట్టించుకోండని అప్పట్లోనే మైమూన్ చెప్పింది. ఎందుకులే అన్నారు. ఆ గది తలుపు ముందు ఇప్పుడు ఐసు గడ్డలు గోనెసంచుల్లో చుట్టి పెట్టి ఉన్నాయి. నీళ్లు కారి గడప దాటుతున్నాయి.

కంప్యూటరు ముందు భాగాన ఆమె ఒకప్పుడు ఒక కాగితం అతికించింది. అప్‌డేట్ చేయరాదు, అడగవలసినది మైమూన్, కింద ఫోను నంబరు. ఆ కాగితాన్ని గోకి తీసేసిన మరక అలాగే ఉంది. ఆ మరక మీదనే పసుపు పూసి, నడుమ కుంకుమ బొట్టు పెట్టారు. మైమూన్ వేలితో ఆ బొట్టు అంచును తాకి, వేలు చున్నీకి తుడుచుకుంది.

తెర మీద అక్షరాలు ఐదు సెకన్లకు ఒకసారి అదే మాట చెబుతున్నాయి: పరికరం లేదు, పరికరం లేదు, పరికరం లేదు. ఆమె దాన్ని ఆపి, శివకుమార్ పండగ నాడు ఏమేం కొట్టాడో ఆ జాబితా పైకి లాగింది. అంతా ఉంది. తాళం తీసింది ఉంది. కొత్తది ఎక్కించింది ఉంది. ఒకసారి ఆపి లేపాడు. అప్పుడు తెర మీద ఈ మాటే వచ్చి ఉంటుంది. దాన్ని చూసి భయపడకుండా, పాతదాన్ని పేరు పెట్టి మరీ తుడిచేశాడు. నిజంగా తుడవాలా అని మిషన్ రెండు సార్లు అడిగితే రెండు సార్లూ అవునన్నాడు.

ఆమె గంటసేపు కూర్చుంది. అవసరం లేనివి అడిగింది, వచ్చిన జవాబులను నోటు పుస్తకంలో రాసుకుంది, కార్డు ఊడదీసి రబ్బరుతో కాళ్లు రుద్ది మళ్లీ పెట్టింది. వెనక శివకుమార్ నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆ చప్పుడు ఆమెకు హాయిగా ఉంది.

మధ్యలో నీళ్లు తాగను లేచినప్పుడు మూడో గది ముందు ఒక ముసలామె కనిపించింది. నల్లగా, ఎండిన కట్టె మాదిరి ఉంది. తలుపు ఇనుపరేకు మీద అరచేయి ఆనించి, జ్వరమొచ్చిన పిల్ల నుదురు చూసినట్టు చూస్తోంది. పేరు పుల్లమ్మ. తొండూరు దగ్గర ఎకరా గుత్తకు తీసుకొని అరటి పెట్టిందట. మొదటి కోత మొత్తం తెచ్చి ఈ గదిలోనే వేసిందట. నిన్నటి నుంచీ ఇక్కడే ఉందట. ఇదంతా మైమూన్ అడగకుండానే ముసలామే చెప్పింది.

"పాపా, సల్లబడతాదా?"

"పడతాదవ్వా."

"ఎప్పుడు?"

థర్మామీటరు ఇరవై ఒక్క డిగ్రీలు చూపుతోంది. కాయ ఇప్పుడిప్పుడే రంగు తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు చల్లబడితే నిలబడుతుంది. మైమూన్ గ్లాసు దించింది. రెడ్డి కారు గేటులోకి వచ్చిన చప్పుడు వినిపించింది.

"రేపవ్వా" అంది. అని, కారు వైపు నడిచింది.

నాగభూషణరెడ్డి కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. ఎండాకాలం సంగతి మనసులో పెట్టుకోవద్దనీ, వ్యాపారమన్నాక మాట అటూ ఇటూ వస్తుందనీ, ఆమె అడిగినంత ఇస్తాననీ చెప్పాడు. ఆయన గొంతు మెత్తగా ఉంది. మెత్తగా ఉన్నప్పుడే ఆయనను నమ్మకూడదని ఆ షెడ్డులో ఈగకు కూడా తెలుసు.

మైమూన్ టీ ముట్టలేదు.

"నాకు దుడ్లు వద్దు రెడ్డీ. ఎండాకాలం ఓబులేసు మామ కాయ ఉడికిపోయినప్పుడు ఈ జాగాలోనే పదిమంది రైతుల్ని కూచ్చోబెట్టి ఏం చెప్పినావు? ఆడమనిషి చేసిన మిషను, చెడిపోయిందని చెప్పినావు. ఆ పొద్దు మీవోడు వీడియో తీపిచ్చుకునేదానికి గది తలుపు తెరిచిపెట్టి, నా అలారం ఆపేసినాడు. ఏ గంటకు ఆపినాడో, ఏ గంటకు తలుపు తెరిచినాడో నా మిషనే రాసి పెట్టింది. ఆ కాగితం నీ చేతికిస్తే మడిచి టీ గ్లాసు కింద పెట్టినావు. మల్లా ఆ రైతుల్నే పిలువు. ఈడనే కూచ్చోబెట్టు. తప్పు ఎవురిదో నీ నోటితో చెప్పు. చెప్పినాంక నేను మిషను ముట్టుకుంటా."

రెడ్డి శివకుమార్ వైపు చూడలేదు. మీసం మీద చేయి వేశాడు. ఇంటి మనిషిని పదిమందిలో తలవంపులు చేయమంటే ఎట్లమ్మా అన్నాడు. ఆలోచిస్తానన్నాడు. లోపల కాయ ఉందని గుర్తు చేశాడు.

కాయ నీదా అని అడిగింది ఆమె. రైతులదన్నాడు ఆయన. రైతులదైతే వాళ్ల ముందరే చెప్పడానికి ఇంకా మంచిది గదా అంది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. నాలుగు గంటల బస్సుకు వెళ్లిపోయింది. బస్సులో జిప్పు తీసి పెన్‌డ్రైవ్ ఉందా లేదా అని ఒకసారి వేలితో తడిమి చూసుకుంది. ఉంది. ముద్దనూరు వచ్చేలోపల కునుకు పట్టింది. ఏడాదిన్నరలో అంత మంచి కునుకు ఆమెకు బస్సులో ఎన్నడూ పట్టలేదు.

*

మరునాడు పొద్దున ఎనిమిదికి రెడ్డి స్వయంగా ఫోను చేశాడు. మొదటి మోతకే ఎత్తింది. రెండు గంటలకు రైతులు వస్తారన్నాడు. పెట్టేశాడు.

ఆ పొద్దు ఆమె పెట్టెలోంచి గట్టి అంచు చీర తీసి కట్టుకుంది. శిల్ప ఎదురొచ్చి, ఎవరి పెండ్లికని అడిగింది. పెండ్లి కాదంది మైమూన్.

షెడ్డులో పదీ పన్నెండు మంది రైతులు ప్లాస్టిక్ ట్రేలు బోర్లించుకొని కూర్చున్నారు. ముందు వరసలో ఓబులేసు. తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పుల్లమ్మ కూర్చోలేదు. మూడో గది తలుపు దగ్గరే ఉంది. ఐసు ఎప్పుడో కరిగిపోయి ఖాళీ గోనెసంచులు నీళ్లలో పడి ఉన్నాయి. తలుపు సందులోంచి తియ్యటి వాసన వస్తోంది. అరటిపండు వాసన ఇంట్లో అయితే బాగుంటుంది. ఇక్కడ వస్తే ఏడుపు.

ఆ వాసన మైమూన్‌కూ తగిలింది. థర్మామీటరు వైపు ఆమె చూడలేదు. రెడ్డి వైపు చూసింది.

రెడ్డి లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు. సంగతి ఆమె అనుకున్నదానికంటే చిన్నగా అయిపోయింది. ఎండాకాలం గది చెడింది మిషన్ వల్ల కాదు, మావాడు తెలియక తలుపు తెరిచిపెట్టినాడు, అలారం ఆపినాడు, నేను కోపంలో ఈ పాపను అన్నాను, అనకూడనిది అన్నాను, ఈ పాప పని మంచి పని. అంతే. ఇంటి పెండ్లికి భోజనాలు వడ్డించినంత సులువుగా చెప్పి కూర్చున్నాడు. శివకుమార్ నేల చూశాడు. రైతుల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒకాయన బీడీ వెలిగించుకున్నాడు. ఇంకొకాయన ఆవలించాడు.

ఇంకేదో రావలసి ఉందన్నట్టు మైమూన్ వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది. ఏమీ రాలేదు.

అప్పుడు బ్యాగు జిప్పు తీసింది. పెన్‌డ్రైవ్‌ను అందరికీ కనిపించేలా చేయెత్తి తీసి, పసుపు పూసిన డబ్బాకు గుచ్చింది. పాత కర్నెల్‌ను ఎక్కించింది. దాని కొలతకు కుట్టిన డ్రైవర్‌ను పక్కన పెట్టింది. మిషన్‌ను ఆపి లేపింది. లేచేటప్పుడు తెర మీద రెండు పేర్లు వచ్చాయి, కొత్తదీ పాతదీ. బాణం గుర్తు కిందికి నొక్కి పాతదాన్ని పట్టుకుంది. తెల్ల అక్షరాలు గబగబా పైకి ఉరికాయి. ఉరికి ఉరికి ఒక్కచోట నిలిచాయి. గది ఒకటి. గది రెండు. గది మూడు. ఒక్కోదాని పక్కన అంకె. మూడో దాని పక్కన ఇరవై తొమ్మిది. గోడ మీది పెట్టెలో టక్కుమని చప్పుడైంది. మూడో గది ఫ్యాన్లు ఒక్కసారిగా గర్జించాయి.

స్టూళ్ల మీది ఇద్దరూ లేచి ఒళ్లు విరుచుకున్నారు. శివకుమార్ గడియారం చూసుకున్నాడు.

"పావుగంట గూడా కాలేదే. ఇంత తొందరగా ఎట్లయిందక్కా? ఆ పాతది మల్లా యాడ దొరికింది నీకు?"

ఈ ప్రశ్న కోసమే ఆమె కాచుకొని ఉంది. కుర్చీలో వెనక్కి వాలి, గొంతు పెంచి, చివరి వరసదాకా వినిపించేటట్టు చెప్పింది.

"యాడా దొరకల్యా. నిన్న వచ్చినప్పుడు గూడా నా సంచిలోనే ఉండె. మీ నాయిన నోట్లోంచి ఆ మాట రావల్ల కదా, దానికే తియ్యకుండా పెట్టుకోనుంటి."

శివకుమార్ మొహం మాడింది. రెడ్డి పళ్లు కొరికాడు. ఆమె కడుపు చల్లబడింది. ఓబులేసు వైపు తిరిగి, ఇప్పుడన్నా తెలిసిందా మామా, నీ కాయ ఎవురి వల్ల పోయిందో అంది.

ఓబులేసు తలపాగా విదిలించి మళ్లీ చుట్టుకున్నాడు. తెలియనిదేముందిలే పాపా అన్నాడు. గది తలుపు తెరిచి వీడియో తీస్తుంటే తాను ఈ గేటు దగ్గరే ఉన్నానన్నాడు. అందరికీ ఆ పొద్దే తెలుసు. కాని ఈ చుట్టుపక్కల చల్లగది ఉన్నది ఈయనకొక్కడికే గదా, మళ్లీ కోతకు కాయ యాడ పెట్టాల, అందుకని ఊరుకున్నాం అన్నాడు. చెబుతూ ఆమె మొహం చూశాడే తప్ప సిగ్గుపడలేదు. ఆ గొంతులో కోపం లేదు, జాలి లేదు. వాన రాలేదని చెప్పినట్టు చెప్పాడు.

మైమూన్ పేర్చి పెట్టుకున్న మాటల్లో ఈ మాట లేదు.

మూడో గది తలుపు తెరుచుకుంది. పుల్లమ్మ లోపల్నుంచి ఒక అత్తం అరటిపండ్లు పట్టుకొని వచ్చింది. నాలుగడుగులు వేసేలోపల రెండు పండ్లు తొడిమ విడిచి నేల మీద పడ్డాయి. ఇంకొకటి పడింది. ఆమె వంగి ఏరుకోలేదు. మిగిలినవి తెచ్చి కంప్యూటరు బల్ల మీద, మైమూన్ ముందర పెట్టింది. పైకి పసుపుగానే ఉన్నాయి. ముట్టుకుంటే వేళ్లు దిగుతున్నాయి. ఇవి లారీ ఎక్కే పండ్లు కావు. పొద్దు గుంకేలోపల ఎవరికైనా పంచిపెట్టాల్సినవి.

"నిన్న సల్లబడింటే ఇవి నిలిచుండునా పాపా?"

మైమూన్ బ్యాగు జిప్పు పట్టుకొని ఉంది. కాదని చెప్పలేనంత బాగా ఆమెకు కాయ సంగతి తెలుసు.

రెడ్డి అందుకున్నాడు. ఆయన గొంతులో చాలాసేపటి తర్వాత మళ్లీ మెత్తదనం వచ్చింది. పోనీలే పుల్లమ్మా, ఇదంతా మిషన్ల సంగతి, నీకు అర్థమయ్యేది కాదు, ఒకోసారి చెడతాయి, ఎవరేం చేస్తారు, అన్నాడు.

పుల్లమ్మ ఆయన వైపు తిరిగింది. చేతులకంటిన పండు గుజ్జును కొంగుకు తుడుచుకుంది.

"మిషను సంగతి నాకు తెల్దులే రెడ్డీ. ఎండాకాలం మీవోడు తలుపు తెరిచిపెట్టినాడు. ఇప్పుడు ఈ యమ్మ సంచి మూసిపెట్టింది. మీకూ మీకూ సరిపాయ. మాగి రాలిపోయిన కాయ మాత్రం అప్పుడూ మాదే, ఇప్పుడూ మాదే."